డెబ్బై ఒకటో ఖంబా, ఒక రాయి

మొయినాబాద్ చేరేసరికి ఉదయం 9.30. ఏప్రిల్ నెల. పట్నం నుంచి లారీలో గంటా ఇరవై నిమిషాలు. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని వెనక రెండు గుడారాలు, ముందు ఒక వేపచెట్టు. చెట్టు నీడను కెప్టెన్ కుర్చీకి కేటాయించారు. మిగతా సైన్యానికి ఎండ.

రెండో ప్రపంచయుద్ధం నాలుగో ఏడు అది. యుద్ధంలో ఎక్కడ ఉన్నావని ఇప్పటికీ అడుగుతుంటారు. అడిగేవాళ్ళ మనసులో బర్మా అడవి ఉంటుంది, లేదా ఆఫ్రికా ఇసుక. మొయినాబాద్ అని చెప్తాను. తరవాత ఎవరో ఒకరు మంచినీళ్ళు తాగుతావా అని అడుగుతారు.

సిగ్నల్స్ దళంలో నేను నాయక్‌ని. చేతి మీద రెండు చారలు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివి పట్టా తెచ్చుకున్నాను కాబట్టి దళంలో నా పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ బియ్యెస్సీ అనే పిలిచేవారు. మా పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. షెడ్డులో ఉన్న డీజిల్ జనరేటరు, స్విచ్‌బోర్డు, టెలిఫోను బోర్డు నడపాలి. అక్కడినుంచి చేవెళ్ళ దాకా పదకొండు మైళ్ళ టెలిఫోను లైనును బతికించి ఉంచాలి. చేవెళ్ళలో పెట్రోలు నిల్వ ఉండేది. పన్నెండుమంది కాపలా. అక్కడ నిప్పంటుకుంటే మాకు తెలియడానికి ఆ తీగ ఒక్కటే దారి. తీగ లేకపోతే పొగ. రెండు గంటలకోసారి మాట్లాడి చూడాలి. మాట అందకపోతే రాయాలి. రెండుసార్లు అందకపోతే కెప్టెన్‌ను లేపాలి.

సైనికుడి జ్ఞాపకాల్లో తుపాకీ ఉండాలనుకుంటారు. నాకూ ఒకటి ఇచ్చారు. ఐదు తూటాలు ఇచ్చి, ఐదూ తిరిగి ఇవ్వమన్నారు. ఇచ్చాను. నా అసలు సరంజామా కాన్వాస్ సంచీలో ఉండేది. ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లయరు, పిడులకు పాత సైకిలు ట్యూబు తొడిగింది. మరలు తిప్పే పేచ్‌కస్‌లు రెండు, పెద్దది పనికి, చిన్నది కెప్టెన్ గడియారానికి. టెస్టు ల్యాంపు అంటే ఒక బల్బు, దానికి రెండు తీగలు. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. ఆ క్యాంపులో అంత నిజాయితీ ఇంకెవరిలోనూ చూడలేదు. చేత్తో తిప్పే మెగ్గరు, తీగ మీది రబ్బరు చచ్చుబడిందో లేదో ముల్లుతో చూపించే పెట్టె. భుజాన వేసుకునే చెక్కపెట్టె ఫోను. నడుముకు తోలుపట్టా, బూట్లకు ఖంబా, అంటే తీగల స్తంభం, ఎక్కే ఇనప కొక్కేలు. నల్ల టేపు చుట్ట. టంకం పెట్టే కడ్డీ, దాన్ని కాల్చడానికి కిరోసిన్ బ్లో ల్యాంపు.

వీటిలో ఏది లేకపోతే బతకలేవని అడిగితే ఏ కరెంటు పనివాడైనా ప్లయరు అంటాడు. నేనూ అదే అనేవాణ్ణి.

మా హవల్దారుకు యాభై దగ్గర పడ్డాయి. ఖంబాలెక్కి ఎక్కి మోకాళ్ళు వంగి దొడ్డికాళ్ళయిన మనిషి. ప్రతి శనివారం ఉదయం 7.00కు ఔజార్ల పరేడ్ పెట్టేవాడు. ఎవరి కంబళి మీద వాళ్ళు పనిముట్లు వరసగా పరవాలి. తరవాత ఒక్కొక్కడూ తన ప్లయరుతో అంగుళం రాగితీగ కోసి ఇవ్వాలి. ఆ ముక్కలకు పేర్ల చీటీలు కట్టి సిగరెట్ డబ్బాలో దాచేవాడు.

"ఇదెందుకు హవల్దార్ సాబ్?" అని మొదటి శనివారం అడిగాను.

"మనిషి అబద్ధమాడ్తడు. కోత ఆడదు. ఏ రెండు ప్లయర్ల పన్నూ ఒక్క తీరుగ ఉండదు. రేపు ఏదన్న తీగ తెగిందనుకో, ఎవడు కోసిండో ముక్కే జెప్తది." నా ముక్కను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "నీ దాని పన్ను ఊసిపోయినట్టున్నదే బియ్యెస్సీ."

నిజమే. ఎప్పుడో తొందరలో దాంతో ఉక్కుమేకు కోశాను. అప్పటినుంచి నా ప్లయరు ఏది కోసినా కోత మధ్యలో వెంట్రుకంత గట్టు మిగిలేది. అదేం పెద్ద లోపం కాదన్నాను. హవల్దారు చీటీ కట్టాడు.

మొదటి పని వచ్చినరోజే తగిలింది. మొయినాబాద్ నుంచి మూడున్నర మైళ్ళ దూరంలో ఒక వాగు. పోయిన వానాకాలం అక్కడ రెండు ఖంబాలు కొట్టుకుపోయాయి. వాటి బదులు 71వ ఖంబా నుంచి 74 దాకా రబ్బరు తొడుగున్న కేబులు వాగు మీదుగా వేలాడదీశారు. 71 దగ్గర దాని కొస ఊడిపోయింది. నేను ఖంబా ఎక్కేసరికి సాయంత్రం 5.10. ఆరు గంటలకల్లా లైను కావాలని హవల్దారు ఆజ్ఞ. పడమటి గాలి. బ్లో ల్యాంపు నాలుగుసార్లు ముట్టించాను, నాలుగుసార్లూ ఆరిపోయింది. తీగ కొసలు కోసి, గట్టిగా మెలిపెట్టి, ఫోను తగిలించి చూశాను. చేవెళ్ళ కాపలావాడు దగ్గితే నా చెవిలో దగ్గినట్టు వినిపించింది. టేపు చుట్టాను. దిగి లైను డైరీలో రాశాను: "71. జాయింటు పూర్తి. 5.50."

కింద నా సంచీ పట్టుకుని నిలబడ్డవాడు ఏసన్న. లైను కావలివాడు. సురంగల్ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఖంబాల వెంట రోజూ నడిచి, తీగ మీద కొమ్మలు పడితే తీసేయడం, పడిన ఖంబా గురించి మాకు కబురు చేయడం ఆయన ఉద్యోగం. ఆదివారం మాత్రం చర్చికి పోయి వచ్చాక నడిచేవాడు. నెత్తికి ఎర్ర అంచు రుమాలు. సంచీలోంచి నేను ఏది అడగబోతానో అడగకముందే అందించేవాడు. ఆరోజు బ్లో ల్యాంపు మళ్ళీ అందించబోయాడు. వద్దన్నాను.

మూడో రోజు ఉదయం 11.40కి లైను చచ్చింది.

బోర్డు దగ్గర ఆపరేటరు, ఎప్పుడూ నిద్రమొహం వేసుకుని ఉండే మనిషి, చెవిలో ఫోను పెట్టుకుని అరుస్తున్నాడు.

"చేవెళ్ళ, చేవెళ్ళ. మొయినాబాద్ మాట్లాడుతున్న. వినొస్తున్నదా?"

అటునుంచి ఏదో గొణుగుడు.

"ఏమన్నడు?" అన్నాను.

"సగం వినొస్తున్నదంటున్నడు."

"ఏ సగం?"

"అది చెప్పిన సగం నాకు వినరాలే."

సాయంత్రం 4.40కి లైను దానంతటదే లేచి కూర్చుంది. మర్నాడు 11.45కు మళ్ళీ చచ్చింది. 4.30కి మళ్ళీ లేచింది. ఆ మర్నాడూ అంతే. తెగిన తీగకు వేళాపాళా ఉండదు. ఇది ఆఫీసు గుమాస్తాలా వేళకు పోయి వేళకు వచ్చేది.

కెప్టెన్ నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. సన్నటి మీసం, మృదువైన గొంతు. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఒకే వాక్యంలో సర్దేవాడు.

"బియ్యెస్సీ, ఇది ఖరాబీ కాదు. ఎవడో వింటున్నడు. పగటిపూట మన తీగకు తన ఫోను తగిలిస్తున్నడు. అందుకే మాట సన్నగైతున్నది. సాయంత్రం తీసేస్తున్నడు. అవునా?"

శాస్త్రరీత్యా కుదురుతుందన్నాను. నాకూ ఆ ఆలోచన నచ్చింది. మొయినాబాద్‌లో గూఢచారి ఉంటే మేమూ యుద్ధంలో ఉన్నట్టే.

"నోట్‌బుక్కు పెట్టు. ఎవరి మీద షక్ వచ్చినా రాయి. పైవాడని, కిందివాడని చూడకు."

పెట్టాను. అనుమానానికి ఒక గుణముంది. మొదలుపెట్టడమే కష్టం. మొదటి రోజు రెండు పేర్లు రాశాను. మూడో రోజుకు పేజీ చాలలేదు. వంటవాడు: 11.30కు కూరగాయలకని పోతాడు, తెచ్చేవి మాత్రం ఎప్పుడూ వంకాయలే. ఆపరేటరు: లైను చస్తే నిద్రపోవచ్చు, కాబట్టి లాభం ఉంది. హవల్దారు: తీగముక్కలు డబ్బాలో దాచే మనిషి ఇంకేం దాస్తున్నాడో. నేను రాస్తుంటే అందరూ నన్ను చూసేవాళ్ళు. ఆపరేటరు కూడా చిన్న పుస్తకం ఒకటి కొన్నాడని తెలిసింది. నా పేరు అందులో మొదటి పేజీలో ఉందట.

నోట్‌బుక్కు పెట్టిన ఐదో రోజు మధ్యాహ్నం లైను చచ్చిన వెంటనే సైకిలు మీద బయల్దేరాను. వెనక ఏసన్న నడక. నా సైకిలుకు ముందే చేరాడు, పొలాలకడ్డంగా. తలమీద సూర్యుడు. జొన్న కోసేసిన మోళ్ళు, తుమ్మచెట్లు, ఎర్రమట్టి. మనిషన్నవాడు లేడు. 60వ ఖంబా ఎక్కి ఫోను తగిలించాను. మొయినాబాద్ పలికింది, చేవెళ్ళ పలకలేదు. 80 ఎక్కాను. చేవెళ్ళ పలికింది, మొయినాబాద్ పలకలేదు. అంటే చెడ్డ చోటు ఈ ఇరవై ఖంబాల మధ్యనే. దొంగ ఇక్కడే ఎక్కడో తగిలించాడు.

71 ఎక్కాను. కొక్కేలు దిగేసి, పట్టా బిగించి, ఎడం చేత్తో కేబులు పట్టుకుని, కుడి చేత్తో ఫోను తగిలించాను. రెండు వైపులా గంటకొట్టినట్టు మాట.

"చేవెళ్ళ, ఎట్లున్నది?"

"మంచిగున్నది సార్. ఇప్పుడే బాగైంది."

దిగాను. నా కాలు నేలకానిందో లేదో, మళ్ళీ చచ్చింది. ఎక్కాను. మళ్ళీ బాగైంది. దీన్నిబట్టి నేను తేల్చిన విషయం: దొంగ ఎక్కడో పొంచి ఉన్నాడు. నేను ఎక్కితే వాడికి కనిపిస్తున్నాను, తన తీగ పీకేస్తున్నాడు. దిగితే తగిలిస్తున్నాడు. అంత చురుకైన గూఢచారిని మనసులోనే మెచ్చుకున్నాను.

కిందనుంచి ఏసన్న పిలిచాడు. "సారూ, మీరెక్కినప్పుడు గా కేబులు..."

"నువ్వు జరుగు ఏసన్నా. తుమ్మచెట్ల కాడ ఎవరన్న నక్కిండేమో చూసి రా."

వెళ్ళి చూసి వచ్చాడు. "ఒక గొర్రె ఉన్నది సారూ."

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో రాశాను: "ఏసన్న. 71వ ఖంబా మీద అవసరానికి మించిన ఆసక్తి."

బుధవారం లైను చావలేదు. 11.40 అయింది, 12.30 అయింది, రెండు అయింది. చేవెళ్ళ దగ్గుతున్నాడు, తుమ్ముతున్నాడు, అన్నీ వినిపిస్తున్నాయి. క్యాంపులో ఎవరికీ నచ్చలేదు. చచ్చే లైను గురించి కెప్టెన్‌కు ఒక అనుమానం ఉండేది. బాగైన లైను గురించి మూడు వచ్చాయి.

"వాడికి తెలిసిపోయింది," అన్నాడు. "మనోళ్ళే ఎవరో చెప్పిన్రు."

గురువారం మధ్యాహ్నం కెప్టెన్, హవల్దారు, నేను జీపులో బయల్దేరాం. 3.30కి వాగు దగ్గర ఆగాం. 71వ ఖంబాకు రెండు బారల అవతల, కేబులు నుంచి ఒక రాయి వేలాడుతోంది. కుంచెడంత రాయి. మోటతాడు ముక్కతో నాలుగు వైపులా పద్ధతిగా కట్టి ఉంది. తాడు కేబులును తాకే చోట ఎర్ర అంచు గుడ్డముక్క, మడతలు పెట్టి.

నేను అనుకున్న ఫోను, తీగ, దాక్కునే మనిషి ఏవీ లేవు. రాయి.

ఏసన్న దూరం నుంచి మమ్మల్ని చూసి తనే వచ్చాడు. నెత్తి మీది రుమాలుకు ఒక మూల లేదు.

"ఇది ఎవరు కట్టిన్రు?" అన్నాడు కెప్టెన్.

"నేనే సాబ్."

"ఎందుకు?"

"లైను మంచిగుంటదని."

ఫౌజీ తీగకు రాయి కట్టి మంచిగుంటుందనేవాణ్ణి కెప్టెన్ అంతకుముందు చూడలేదు. "నేరం ఒప్పుకున్నాడు" అని రాసుకున్నాడు. గుడ్డ ఎందుకని హవల్దారు అడిగితే, చప్పుడు కాకుండా అని కెప్టెనే జవాబు చెప్పాడు. రాయి దించమన్నాడు. దించాను. వెంటనే లైను చచ్చింది. రాయి చేసిన ఆఖరి దెబ్బగా దాన్ని కూడా రాసుకున్నాడు.

నేను ఆ దెబ్బ దగ్గరే ఆగిపోయాను. బరువు తీస్తే చెడింది. కాలేజీలో చదివింది ఏదో వెనకనుంచి భుజం తట్టింది. తిరిగి చూడలేదు. ఎండలో ఇద్దరు పైవాళ్ళ ముందు ఆలోచించడం నాకు అలవాటు లేదు.

ఏసన్నను షెడ్డు చివర బ్యాటరీల గదిలో పెట్టి తాళం వేశారు. పట్నానికి కబురు పోయింది. శుక్రవారం సాయంత్రం 4.00కు పోలీసు లారీ వస్తుంది. యుద్ధకాలంలో ఫౌజు లైను చెడగొట్టిన కేసు. తీసుకుపోతే ఎన్నేళ్ళకు వస్తాడో చెప్పడం ఎవరి పనీ కాదు. రుజువుల జాబితా కెప్టెన్ నాతోనే రాయించాడు. ఒకటి, రాయి. రెండు, తాడు. మూడు, గుడ్డ. నాలుగు, నాయక్ నోట్‌బుక్కులో ఉన్నది: 71వ ఖంబా మీద అవసరానికి మించిన ఆసక్తి.

శుక్రవారం ఉదయం 6.30కి ఒక్కణ్ణే 71 ఎక్కాను. చల్లటి గాలి. కేబులు బిగుసుకుని ఉంది. అప్పుడు లైను బాగుంది. ఫోను తగిలించి, కేబులును భుజంతో కొద్దిగా పైకెత్తి వదులు చేశాను. మాట పోయింది. భుజం దించాను. మాట వచ్చింది. మధ్యాహ్నపు ఎండకు తీగ సాగుతుంది, వదులవుతుంది. చల్లబడితే బిగుస్తుంది. ఇది బడిపిల్లలకు చెప్పే పాఠం. నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

టేపు విప్పాను. లోపల మెలి. టంకం చుక్క లేదు. తీగ కొసల కోత మధ్యలో వెంట్రుకంత గట్టు.

నా చేతిపట్టుకు లైను ఎందుకు బాగైందో, దిగితే ఎందుకు చెడిందో, ఎవరూ దాక్కోని తుమ్మచెట్ల వైపు చూస్తూ ఖంబా మీదే అర్థం చేసుకున్నాను. కొస ముక్క కోసి జేబులో వేసుకుని, మెలి మళ్ళీ అట్లాగే పెట్టి, టేపు చుట్టాను. కింద వాగు. ముక్క అంగుళం కూడా లేదు. విసిరేస్తే నీళ్ళు కూడా అక్కర్లేదు, ఇసుక చాలు. కాసేపు కిందికి చూశాను. ఎంతసేపో చెప్పను. మిగతా వేళలన్నీ చెప్పాను కదా.

8.30కి ముక్కను హవల్దారు ముందు పెట్టాను. ఆయన డబ్బా తీశాడు, నా చీటీ ఉన్న ముక్క తీశాడు, రెండూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు పట్టాడు.

"టంకం పెట్టలేదా?"

"గాలికి ల్యాంపు ఆరిపోయింది. రేపు పెడదామనుకున్న."

"డైరీలో పూర్తి అని రాసినవ్."

"రాసిన."

డబ్బా మూసేశాడు. "కబురు పోయింది బియ్యెస్సీ. పై ఆఫీసుకు దుష్మన్ పని అని చెప్పినం. ఇప్పుడు నల్ల టేపు పని అని చెప్పమంటవా? కెప్టెన్ సాబు మొఖం యాడ పెట్టుకుంటడు? నీ చారలు పోతయ్. నాది పింఛన్‌కు మూడేండ్లున్నది. నీ డైరీ మీద నా సంతకం ఉన్నది, జర చూసుకో."

"ఏసన్న సంగతి?"

"వాని సంగతి నాకు తెల్వదా?" అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఇబ్బంది.

బయట షెడ్డు గోడ నీడలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒడిలో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. ఏసన్న తల్లి. సురంగల్ నుంచి నడిచి వచ్చిందట.

"బిడ్డా, మావోడు ఏం దొంగతనం జేసిండు?"

"దొంగతనం కాదవ్వా."

"మరేంది?"

"తీగకు రాయి కట్టిండు."

ఆమె కొంచెం ఆలోచించింది. "రాయి ఎవలది?"

రొట్టెలు తీసుకుని బ్యాటరీల గదికి వెళ్ళాను. ఆసిడ్ వాసన. కిటికీ చువ్వల్లోంచి అందించాను. అందుకుని కింద కూర్చున్నాడు. మొహం కనిపించడంలేదు, మూల లేని రుమాలు మాత్రం కనిపిస్తోంది.

"ఏసన్నా, జాయింటు సంగతి నీకు తెలుసా?"

"మీరెక్కితే పలుకుతున్నది, దిగితే పలుకతలేదు. చూసిన కద సారూ. మీరు రోజంత ఆడ వేలాడరు. మీ బదులు రాయి కట్టిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయిన. జరుగమన్నరు."

"కెప్టెన్ సాబుకు చెప్పొచ్చు కద."

రొట్టె తుంచాడు. "ఏమని? సదువుకున్న సారు కట్టింది వదులున్నదని నేను జెప్పాల్నా? రెండు దినాలు రాయి ఆపితే మీరే చూసుకుంటరనుకున్న." తరవాత, "రొట్టె తింటరా సారూ? అవ్వ ఎక్కువ తెచ్చింది."

10.00కు వేపచెట్టు కింద నిలబడ్డాను. రెండు ముక్కలూ కెప్టెన్ బల్ల మీద పెట్టాను. హవల్దారు డబ్బా ఇవ్వనన్నాడు, ఇచ్చాడు, మళ్ళీ వెంట వచ్చి నిలబడ్డాడు. చెప్పాల్సింది నాలుగు వాక్యాలు. నేను ఐదు చెప్పాను. ఐదోది అనవసరం, వాతావరణం గురించి.

కెప్టెన్ ముక్కలను వేలితో అటూ ఇటూ దొర్లించాడు. "ఇది నీ చెయ్యి అని నువ్వు అంటున్నవ్. నిన్న వాని చెయ్యి అని వాడన్నడు. మీ ఇద్దరిల ఎవరు ఎవర్ని కాపాడుతున్నరు?"

అనుమానం నా మీదికి మళ్ళడం ఊహించాను కానీ ఆ దారిలో వస్తుందనుకోలేదు.

"మధ్యాహ్నం దాకా ఆగండి సాబ్. లైనే చెప్తది."

11.50కి కెప్టెన్ 71వ ఖంబా కింద చెక్కపెట్టె ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. నేను పైన. కేబులును ముట్టుకోలేదు. చేతులు రెండూ అందరికీ కనపడేటట్టు పెట్టుకున్నాను. 11.58కి ఆయన ముఖం మారింది.

"పోయింది."

కేబులు పట్టి లాగాను.

"వచ్చింది."

వదిలాను.

"పోయింది. మళ్ళీ."

ఆరుసార్లు లాగించాడు. తరవాత చుట్టూ చూశాడు. నిన్నటి రాయి, తాడూ గుడ్డతో సహా, ఖంబా మొదట్లోనే పడి ఉంది. దాన్నీ పైకి పంపించాడు, నేను కట్టాను. నా ముడి ఏసన్న ముడంత పద్ధతిగా రాలేదు. వదిలితే రాయి వేలాడింది. కెప్టెన్ ఫోను విన్నాడు. చేవెళ్ళ దగ్గాడు. కెప్టెన్ ఫోను దించాడు.

"టంకం పెట్టు."

గాలి లేచింది. బ్లో ల్యాంపు ముట్టించాం, ఆరిపోయింది. కెప్టెన్ తన టోపీ తీసి మంటకు అడ్డం పెట్టాడు. కడ్డీ కాలింది. ఎర్రబడ్డ కడ్డీని హవల్దారు దొడ్డికాళ్ళతో సగం ఖంబా ఎక్కి అందించాడు. రెండు నిమిషాల పని. నేను వచ్చిన రోజు చేయాల్సింది అదే. రాయి విప్పేశాను. తాడుతోపాటు గుడ్డ కూడా నా చేతిలోకి వచ్చింది. లైను పలుకుతూనే ఉంది. ఆ తరవాత నేను ఉన్నన్ని రోజులూ పలికింది.

దిగాక కెప్టెన్ నోట్‌బుక్కు తిరిగి ఇచ్చాడు.

"ఇందులో పదిహేడు పేర్లున్నయి. వంటోని మేక కూడా ఉన్నది. నీ పేరెందుకు లేదు?"

"గుర్తుకు రాలేదు సాబ్."

4.00కు అనుకున్న లారీ 4.35కు వచ్చింది. పోలీసు జమేదారు దిగి, మనిషేడి అన్నాడు. సాంకేతిక లోపం అని కెప్టెన్ ఒక కాగితం ఇచ్చాడు. జమేదారు కాగితం చూశాడు, మమ్మల్ని అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. అంతదూరం వచ్చి ఎవర్నీ తీసుకుపోకపోవడం ఆయనకు నచ్చలేదు. ఆపరేటరు తన పుస్తకం జేబులోకి తోసుకోవడం గమనించాను.

ఏసన్నను వదిలేశారు. ఉద్యోగం మాత్రం తీసేశారు. అనుమతి లేకుండా ఫౌజు లైను ముట్టుకున్నాడని. అది నిజమే, కాబట్టి వాదించడానికి వీల్లేకపోయింది. వాదించాను. నా చారలు రెండూ పోయాయి. హవల్దారు పింఛను మీద మచ్చ పడలేదు. ఆ శనివారం పరేడ్‌లో నా ప్లయరు తీసుకుని, ఆకురాయి మీద స్వయంగా పన్ను సానపట్టి ఇచ్చాడు. అప్పటినుంచి నా కోత మిగతావాళ్ళ కోతలాగే ఉండేది. ఆయన డబ్బాలో నా పాత ముక్క మాత్రం చీటీతో అట్లాగే ఉంచాడు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక నన్ను పట్నానికి వెనక్కి పిలిచారు. వెళ్ళే ముందురోజు సురంగల్ పోయాను. ఏసన్న మడి దున్నుతున్నాడు. నెత్తికి అదే రుమాలు. నా జేబులోంచి గుడ్డముక్క తీసి ఇచ్చాను. ఉతికించి ఇస్త్రీ చేయించాను, ఎందుకో.

చూసి నవ్వాడు. "గిది నాకేం పనికొస్తది? మీరే ఉంచుకోండ్రి. యాడన్న మళ్ళ జాయింటు కడ్తరు కద."

లారీ మర్నాడు 10.15కు మొయినాబాద్ వదిలింది. 11.40కి పట్నంలో ఉన్నాను. ఇంట్లోవాళ్ళు అన్నం పెట్టారు. పక్కింటాయన వచ్చి యుద్ధం ఎట్లా ఉందని అడిగాడు. ఎండగా ఉందన్నాను.

ఆ తరవాత ముప్పై ఏళ్ళు మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో కరెంటు పనే చేశాను. కొత్తగా వచ్చినవాడు ఏ పనిముట్టు ముఖ్యమని అడిగితే బ్లో ల్యాంపు చూపించేవాణ్ణి. వాళ్ళు ప్లయరే కొనుక్కునేవారు. నా సంచీలో ఎర్ర అంచు గుడ్డ ఎందుకుందని మాత్రం ఎవరూ అడగలేదు. చేతులు తుడుచుకోవడానికని అనుకున్నట్టున్నారు. దాంతో ఎప్పుడూ తుడుచుకోలేదు.

యుద్ధం గురించి గుర్తొచ్చేది ఒక్కటే. మధ్యాహ్నం 3.30. గాలి లేదు. వాగు ఎండిపోయి ఉంది. కేబులు మీద, మోటతాడు ఒరుసుకుని రబ్బరు తెగకుండా, నాలుగు మడతలు పెట్టిన రుమాలు మూల. దాని కింద రాయి, ఒకవైపుకు కొంచెం తిరిగి, ఆగి, మళ్ళీ ఇటు తిరుగుతూ.